కౌన్సెలింగ్ గదిలో సలహాలు దొరకవు

మాటల చికిత్సల మీద వివిధ దేశాల్లో జరిగిన 600కు పైగా అధ్యయనాలను 2012లో ఇద్దరు పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. చికిత్స మొదలుపెట్టినవాళ్ళలో దాదాపు ఐదుగురికి ఒకరు చొప్పున మధ్యలోనే మానేశారని తేలింది. దూరం, ఫీజు, సెలవు దొరక్కపోవడం, కాస్త తేలికపడగానే ఇక చాలనిపించడం, ఇలా మానేయడానికి కారణాలు ఎన్నో. మన దగ్గర వీటికి తోడు ఇంకో బలమైన కారణం ఉందని నా అభిప్రాయం. వెళ్ళేవాళ్ళు ఒకటి ఊహించుకుని వెళ్తారు, లోపల జరిగేది మరొకటి. తాగి బండి నడిపినవాళ్ళకూ, పోట్లాడుకున్న భార్యాభర్తలకూ పోలీసులు ‘కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు’ అని పేపర్లో చదివి చదివి, అదేదో ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు మంచిమాటలు చెప్పే తంతు అనుకుంటాం. డిప్రెషన్‌తో వెళ్ళిన మనిషి కూడా ఆ నాలుగు మాటల కోసమే చూస్తాడు. అక్కడ సలహా ఇవ్వకపోగా ప్రశ్నలు వేస్తారు, ఇంటికి పని ఇచ్చి పంపుతారు. రెండో వారానికి ‘ఈ మాత్రం దానికి డబ్బులెందుకు’ అనిపిస్తుంది. మూడో వారం ఇక వెళ్ళడు.

డిప్రెషన్‌కు పనిచేస్తాయని గట్టి రుజువులున్న కౌన్సెలింగ్ పద్ధతులకు కొన్ని ఉమ్మడి లక్షణాలున్నాయి. వాటికి గడువు ఉంటుంది, వారం వారం చేయాల్సిన పని ఉంటుంది, మనిషి తేరుకుంటున్నాడో లేదో చూసే కొలత ఉంటుంది. ఇవేవీ లేనిచోట జరిగేది చక్కటి కబుర్లు కావచ్చేమో గానీ, దాన్ని చికిత్స అనడం కష్టం. ఈ సంగతి ముందే తెలిసి వెళ్ళిన మనిషికి రెండు లాభాలు. పద్ధతిగా నడిచే కౌన్సెలింగ్‌ను ‘ఏమీ చెప్పట్లేదు’ అని తొందరపడి వదిలేయడు. పద్ధతీ పాడూ లేకుండా నెలల తరబడి సాగదీసే చోట మొహమాటపడి కూర్చోడు.

ముందు జబ్బు సంగతి. దిగులు పడని మనిషి ఉండడు. అయినవాళ్ళు పోయినప్పుడు, పంట పోయినప్పుడు, పరీక్ష తప్పినప్పుడు కలిగే బాధను ఎవరూ జబ్బు అనరు. కనీసం రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు కుంగిపోయి ఉండటమో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో ఉండి, దానికి నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, తనమీద తనకే అసహ్యం, చావు ఆలోచన లాంటివి కొన్ని తోడై రోజువారీ జీవితం నడవకుండా పోయినప్పుడు డాక్టర్లు డిప్రెషన్ అంటారు. చాలామంది వీటిని మనసు బాధగా చెప్పరు. తల బరువు, ఒళ్ళంతా నొప్పులు, గుండెదడ, గ్యాస్, నిద్ర పట్టదు అంటారు. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర బలానికి సెలైన్ ఎక్కించుకుంటారు, పట్నంలో స్కానింగులు చేయించుకుంటారు. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ప్రతి 20 మంది పెద్దవాళ్ళలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చింది. మానసిక సమస్యలున్నవాళ్ళలో అత్యధికులకు ఏ చికిత్సా అందడం లేదనీ ఆ సర్వేయే చెప్పింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. ఆ సర్వేలో మన లెక్క లేదన్నమాట.

మొదటి రోజు కౌన్సెలర్ ఎదుట కూర్చున్నప్పుడు ఎక్కువ సమయం ప్రశ్నలకే పోతుంది. ఎప్పటినుంచి ఇలా ఉంది, ఇంతకుముందు వచ్చి తగ్గిందా, నిద్ర ఎన్నింటికి తేలిపోతోంది, తిండి ఎలా ఉంది, మందు అలవాటుందా, ఇంట్లో రక్తసంబంధీకులెవరికైనా ఇలా ఉండేదా, కాన్పు ఈమధ్యే అయిందా అని అడుగుతారు. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా డిప్రెషన్‌ను పోలిన లక్షణాలు కనిపిస్తాయి గనక పరీక్షలు చేయించారా అని ఆరా తీస్తారు. విచిత్రంగా అనిపించే ప్రశ్న ఇంకొకటుంది. ‘ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర అక్కర్లేనంత హుషారు, లేనిపోని ధీమా, చేతికొచ్చినట్టు ఖర్చు, ఆగని మాటలు ఉండేవా?’ అని. కుంగుబాటుకూ దీనికీ సంబంధమేమిటని విసుక్కోకూడదు. అలాంటి దశలు ఉండేవంటే అది బైపోలార్ జబ్బు కావచ్చు. దానికి మందులు వేరు, మామూలు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే కొందరిలో పరిస్థితి అదుపు తప్పుతుంది. ఈ ప్రశ్నలేవీ అడగకుండా మొదటి పది నిమిషాల్లోనే ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అని మొదలుపెట్టే కౌన్సెలర్‌ను అక్కడికక్కడే అనుమానించవచ్చు.

చాలాచోట్ల తొమ్మిది ప్రశ్నలున్న ఒక కాగితం కూడా ఇస్తారు. దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో ఒక్కో లక్షణం ఎన్ని రోజులు బాధపెట్టిందో గుర్తు పెడితే, 0 నుంచి 27 మధ్య ఒక అంకె వస్తుంది. మనసును అంకెల్లో కొలవడమేమిటని నవ్వుకునేవాళ్ళున్నారు. ఆ అంకె జబ్బును నిర్ధారించదు, నిజమే. దాని ఉపయోగం వేరు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి తాను కొద్దిగా తేరుకున్న సంగతి తెలియదు, ‘ఏం మారలేదండీ’ అనే చెప్తాడు. 19 ఉన్నది నాలుగో వారానికి 14కు వచ్చిందంటే కాగితమే అతనికి జవాబు చెప్తుంది. ఆ అంకె కదలకుండా ఉండిపోతే, పద్ధతి మార్చాలని కౌన్సెలర్‌కు కూడా అదే చెప్తుంది. ఆ కాగితంలో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. దాన్ని కౌన్సెలర్ నోటితో కూడా సూటిగా అడుగుతారు: చచ్చిపోవాలనిపిస్తోందా, ఎలా అని అనుకున్నారా, ఇంట్లో పురుగుల మందు ఉందా. పక్కనున్న అమ్మో నాన్నో ‘అలాంటి మాటలెందుకండీ’ అని అడ్డుపడతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. ఈ విషయం మీద జరిగిన అధ్యయనాల్లో అడగడం వల్ల ఆలోచన పెరిగినట్టు కనిపించలేదు, అడిగినందుకు బరువు దిగినవాళ్ళూ ఉన్నారు. ఆలోచన గట్టిగా ఉందంటే ఆ రోజు కౌన్సెలింగ్ పక్కకు పోతుంది. ఇంట్లోని మందు డబ్బా తీసేయించడం, తోడుగా మనిషిని పెట్టడం, సైకియాట్రిస్టు దగ్గరికి పంపడం ముందుకొస్తాయి.

కౌన్సెలింగ్ గదిలో చెప్పింది ఊళ్ళో తెలిసిపోతుందేమోనన్న భయం పెళ్ళికావాల్సిన పిల్లలున్న ఇళ్ళలో మరీ ఎక్కువ. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయాన్ని మర్యాదకు వదిలేయలేదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు అని రాసింది. దానికి మినహాయింపులున్నాయి: మనిషి ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు. పిల్లలపై లైంగిక నేరం బయటపడితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చట్టం భావిస్తుంది, శిక్షించమనదు. ఈ హద్దులన్నీ మొదటి రోజే కౌన్సెలర్ తనంతట తాను చెప్పాలి. చెప్పకపోతే అడగడం తప్పు కాదు.

అసలు పని రెండో మూడో వారం నుంచి మొదలవుతుంది. అదెలా ఉంటుందో చూడటానికి మన దేశంలోనే చక్కటి ఉదాహరణ ఉంది. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, కాస్త తీవ్రం నుంచి బాగా తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందితో ఒక పరీక్ష జరిపింది. ఫలితాలు లాన్సెట్ పత్రికలో 2017లో వచ్చాయి. ఒక వర్గానికి కేంద్రంలోని డాక్టర్ మామూలుగా చేసే వైద్యం, రెండో వర్గానికి దానితోపాటు ఆరు నుంచి ఎనిమిది వారాల కౌన్సెలింగ్. కౌన్సెలింగ్ చేసినవాళ్ళు సైకాలజిస్టులు కారు. కొద్ది వారాల తరగతులు, ఆ తర్వాత అనుభవజ్ఞుల పర్యవేక్షణలో తర్ఫీదు పొందిన స్థానికులు. తాము జరిపిన సంభాషణల రికార్డింగులు విని ఒకరికొకరు మార్కులు వేసుకునేవాళ్ళు. మూడు నెలల తర్వాత చూస్తే కౌన్సెలింగ్ అందినవాళ్ళలో 64 శాతం మంది డిప్రెషన్ హద్దు దాటి బయటపడ్డారు. అందనివాళ్ళలో 39 శాతం. ఏడాది తర్వాత చూసినా రెండు వర్గాల మధ్య తేడా నిలిచే ఉంది. గమనించాల్సిన సంగతి, అందనివాళ్ళలోనూ 39 శాతం తేరుకున్నారు. దేన్ని కౌన్సెలింగ్ ఘనతగా లెక్కేయాలో, దేన్ని కాలానికి వదిలేయాలో చెప్పేది ఆ రెండో అంకే. ‘మా దగ్గరికొచ్చినవాళ్ళలో నూటికి తొంభైమందికి నయమైంది’ అనే ప్రకటనల్లో ఎప్పుడూ కనిపించనిది కూడా అదే.

గోవాలో వాడిన పద్ధతి వినడానికి మరీ సాదాగా ఉంటుంది. డిప్రెషన్ వచ్చిన మనిషి ఒక్కొక్కటే మానేస్తూ వస్తాడు. పొద్దున టీకొట్టు దగ్గరికి వెళ్ళడం మానేస్తాడు, ఫోన్లు ఎత్తడు, ఆడమనిషైతే పేరంటాలకు వెళ్ళదు, గుడికి వెళ్ళదు, స్నానం కూడా బరువనిపిస్తుంది. మానేసినకొద్దీ ఆ రోజుల్లో సంతోషం పుట్టే అవకాశమే పోతుంది, మనసు ఇంకా కుంగుతుంది, దాంతో ఇంకొకటి మానేస్తారు. ఈ సుడిని ఎక్కడో ఒకచోట తెంపాలి. ‘మనసు బాగుపడ్డాక చేస్తాను’ అనేది రోగి లెక్క. చేయడం మొదలుపెడితే మనసు వెనకాలే వస్తుందనేది ఈ పద్ధతి లెక్క. అందుకే రోజులో ఏ గంటకు ఏం చేశారో, అప్పుడు మనసు పదిలో ఎంత ఉందో రాసుకురమ్మంటారు. రాయలేనివాళ్ళు నోటితో చెప్పినా సరే. ఆ చిట్టాలోంచే రేపటి పని తీస్తారు. అది చిన్నదై ఉండాలి. ‘రోజూ వ్యాయామం చేయండి’ అనరు. ‘మంగళవారం సాయంత్రం ఆరింటికి వీధి చివరిదాకా నడిచి రండి’ అంటారు. వచ్చే వారం మొదటి ప్రశ్న, నడిచారా లేదా? నడవలేదంటే తిట్లుండవు, ఏది అడ్డొచ్చిందని అడిగి పనిని ఇంకా చిన్నది చేస్తారు.

ఇంత మామూలు విషయమా అని తీసిపారేయవచ్చు. పరిశోధకులకూ ఆ అనుమానం వచ్చింది. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన సైకియాట్రిస్టు ఆరన్ బెక్ 1960లలో ఆలోచనల మీద పనిచేసే చికిత్సను రూపొందించాడు. డిప్రెషన్‌లో మనిషి తన గురించీ లోకం గురించీ భవిష్యత్తు గురించీ చేసే తీర్పులు వంకరపోతాయనీ, వాటిని సాక్ష్యాలతో పరీక్షించడం నేర్పాలనీ అతని వాదం. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఆదివారం ఫోన్ చేయలేదనుకోండి. ‘వాడికి నేను బరువైపోయాను’ అని తల్లి మనసు తీర్పు చెప్పేస్తుంది. ఆ తీర్పుకు సాక్ష్యమేమిటి, వ్యతిరేక సాక్ష్యమేమిటి, ఇంకే కారణం ఉండొచ్చు అని కాగితం మీద గడులు గీసి రాయించడం ఈ చికిత్సలో రోజువారీ పని. ‘అంతా మంచే జరుగుతుందనుకో’ అని చెప్పడం మాత్రం ఇందులో ఉండదు. కొడుకు నిజంగానే పట్టించుకోవడం లేదని సాక్ష్యాలు తేలితే, అప్పుడేం చేయాలన్న దాని మీదే మాట్లాడతారు. 1996లో సియాటెల్‌లో నీల్ జేకబ్సన్ బృందం 150 మందితో ఈ మొత్తం చికిత్సను, అందులోంచి పనులు చేయించే భాగాన్ని మాత్రమే విడదీసి, పోల్చి చూసింది. ఉత్త పనుల భాగం కూడా మొత్తం చికిత్సతో సమానంగా పనిచేసింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్‌లో 440 మందితో జరిగిన పరీక్ష కూడా దాదాపు ఇదే చెప్పింది. మూడో పద్ధతి సంబంధాల మీద పనిచేస్తుంది. చావు తెచ్చిన శోకం, ఇంట్లో తగాదా, రిటైర్‌మెంటూ పెళ్ళీ వలసా లాంటి మార్పులు, ఒంటరితనం, ఈ నాలుగింటిలో డిప్రెషన్ దేనితో ముడిపడిందో వెతికి ఆ ముడి దగ్గరే పట్టుకుంటారు. పద్ధతుల పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని రోగికి లేదు. ‘మీరు ఏ పద్ధతిలో చేస్తారు?’ అని అడిగితే మామూలు తెలుగులో జవాబు చెప్పగలగాలి, అంతే.

‘చెప్పుకోవడానికి ఇంట్లో ఇంతమందిమి ఉండగా పరాయివాళ్ళ దగ్గర ఏడవడమెందుకు?’ అనే అభ్యంతరం మన ఇళ్ళలో ముందు వినిపిస్తుంది. దీన్ని కొట్టిపారేయకూడదు. మనుషుల తోడు డిప్రెషన్‌కు నిజంగానే మేలు చేస్తుంది. గోవా పద్ధతిలోనూ తెగిపోయిన సంబంధాలను తిరిగి కలపడం ఒక భాగం. అయితే ఇంట్లోవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. వాళ్ళు ఆ కథలో పాత్రలు. కోడలి బాధ అత్త వల్లే అయినప్పుడు అత్తకు చెప్పుకోలేదు, పుట్టింట్లో చెబితే తగవు పెరుగుతుంది. భర్త విన్నా వెంటనే ఏదో ఒకటి సర్దేయాలని చూస్తాడు, లేదంటే ‘నీకేం తక్కువ చేశాను’ అంటాడు. ప్రేమ ఉన్నచోటే వినడం కష్టం. పైగా డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ‘లే, బయటికి రా, ధైర్యంగా ఉండు’ అని రోజూ చెబుతుంటే అది నిందలా చెవికెక్కుతుంది. ఆ పనే చిన్న ముక్కలు చేసి, చేయలేకపోతే నొచ్చుకోకుండా, వారం తర్వాత గుర్తుపెట్టుకుని అడగడానికి శిక్షణ కావాలి. మంచి కౌన్సెలర్ ఇంట్లోవాళ్ళను బయట పెట్టేయరు. మొదట మనిషితో ఒంటరిగా మాట్లాడతారు, ఆ తర్వాత అనుమతి అడిగి భర్తనో అమ్మనో పిలిచి, ఇంటి దగ్గర ఏం చేయాలో, ముఖ్యంగా ఏం మాట్లాడకూడదో చెప్తారు. ఇంటి పెద్దే పక్కన కూర్చుని అన్ని ప్రశ్నలకూ తానే జవాబులు చెప్పే ‘కౌన్సెలింగ్’ ఎవరికీ పనికిరాదు.

దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది. కౌలు కట్టలేక, మైక్రోఫైనాన్స్ వాయిదా కట్టలేక కుంగిపోయినవాడికి మాటలేం చేస్తాయి? అతనికి కావలసింది అప్పు తీరడం కదా. ఈ మాటలో నిజం ఉంది. పేదరికం, హింస, నిరుద్యోగం డిప్రెషన్‌ను పెంచుతాయనడానికి రుజువులు బోలెడు. వాటి బాధ్యత రాజకీయాలది, కౌన్సెలింగ్ గదిది కాదు. రైతుల చావులకు కౌన్సెలింగ్ కేంద్రాలే పరిష్కారమని ఎవరైనా అంటే అది తప్పించుకోవడమే. అయినా అప్పు ఉన్నవాళ్ళంతా డిప్రెషన్‌లో పడరు. పడ్డవాళ్ళకు అప్పుతో పోరాడే శక్తే ముందు పోతుంది. బ్యాంకుకు వెళ్ళి గడువు అడగడం, అన్నదమ్ములకు సంగతి చెప్పడం, రెండు ఎకరాల్లో ఏది ఉంచుకోవాలో తేల్చుకోవడం, ఇవన్నీ తల పనిచేస్తేనే అయ్యేవి. జింబాబ్వే రాజధాని హరారేలో ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బెంచీలు వేసి, తర్ఫీదు పొందిన పెద్ద వయసు ఆడవాళ్ళతో చేయించిన కౌన్సెలింగ్ సరిగ్గా ఈ పనే చేసింది. సమస్యలన్నీ ఏకరువు పెట్టించి, అందులో ఒక్కటి ఎంచుకుని, ఈ వారం దానికి చేయగలిగిన ఒక్క పని తేల్చేవాళ్ళు. అక్కడ వచ్చేవాళ్ళ కష్టాలు మనకు తెలియనివేమీ కావు: డబ్బు లేకపోవడం, జబ్బు, మొగుడి దెబ్బలు. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరు నెలల తర్వాత వాళ్ళలో లక్షణాలు మామూలు వైద్యం అందినవాళ్ళకన్నా బాగా తగ్గాయి. ఇదంతా అమెరికా, యూరప్ డబ్బున్నవాళ్ళ వ్యవహారమనే వాదన ఆ బెంచీల దగ్గరా గోవా పల్లెల దగ్గరా ఆగిపోతుంది.

అలాగని రుజువులను ఉన్నదానికన్నా పెద్దవి చేసి చెప్పడం కూడా మోసమే. ఈ రంగంలో మంచి ఫలితాలు వచ్చిన అధ్యయనాలు అచ్చవుతాయి, రానివి బల్ల సొరుగుల్లో ఉండిపోతాయి. అమెరికా ప్రభుత్వ నిధులతో మొదలై అచ్చుకాని డిప్రెషన్ అధ్యయనాలను 2015లో కొందరు వెతికి పట్టుకుని లెక్కలో కలిపితే, మాటల చికిత్స ప్రభావం దాదాపు పావువంతు తగ్గింది. తగ్గింది గానీ పోలేదు. డిప్రెషన్ మాత్రల మీద అంతకుముందే జరిగిన ఇలాంటి లెక్కలోనూ ప్రభావం తగ్గింది. వందల పరీక్షల మీద పిమ్ క్యూపర్స్ అనే డచ్ పరిశోధకుడి బృందం 2021లో వేసిన లెక్క ప్రకారం, రెండు నెలల దగ్గర చూస్తే మాటల చికిత్స తీసుకున్నవాళ్ళలో వందకు 41 మందికి లక్షణాలు సగానికి సగం తగ్గాయి. మామూలు సంరక్షణలో ఉన్నవాళ్ళలో 17 మందికే తగ్గాయి. అంటే వందమందిలో దాదాపు పాతికమందికి ఈ చికిత్స వల్లే అదనంగా మేలు జరిగింది, సగానికన్నా ఎక్కువమందికి ఆ రెండు నెలల్లో అంత మేలు కలగలేదు. కొద్దిమందికి చికిత్స నడుస్తుండగానే పరిస్థితి ముదురుతుంది కూడా. నాకు ఈ అంకెలు నిరాశ కలిగించవు, వైద్యంలో చాలా మందుల లెక్కలు ఇంతకన్నా మెరుగ్గా ఏమీ లేవు. కాని ఒక్క పద్ధతి పనిచేయనప్పుడు ‘నా బతుకింతే’ అనుకోకుండా రెండోది అడగాలని ఇవి గట్టిగా చెప్తున్నాయి.

మందుల మాట ఇక్కడే. డిప్రెషన్ ఒక మోస్తరుగా ఉన్నప్పుడు మాటల చికిత్స, మందులు దాదాపు సమానంగా పనిచేస్తాయి. తీవ్రంగా ఉన్నప్పుడు రెండూ కలిపితే మేలు. మందు రాసేది సైకియాట్రిస్టో మరో డాక్టరో, సైకాలజిస్టు రాయరు. మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకు గానీ గుణం కనిపించదు, తేలికపడిందని అడగకుండా ఒక్కసారిగా ఆపేయకూడదు. ‘మందులు వద్దు, కౌన్సెలింగ్ చాలు’ అని పట్టుబట్టే కుటుంబాలూ ఉన్నాయి, ‘మాటలతో ఏమవుతుంది, మాత్ర రాయండి’ అనేవాళ్ళూ ఉన్నారు. మనిషి తిండి మానేసి మంచం దిగనప్పుడో, లేని గొంతులు వినిపిస్తున్నప్పుడో, చావు ఆలోచన గట్టిగా ఉన్నప్పుడో ముందు డాక్టరే.

ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది మన దగ్గర అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవడానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, ఆ నంబరు అడగవచ్చు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం నిన్నమొన్నటిదాకా ఏ అడ్డూ లేదు. వారాంతపు కోర్సు చేసినవాళ్ళూ, యూట్యూబ్‌లో మోటివేషన్ చెప్పేవాళ్ళూ అదే పేరుతో కూర్చుంటున్నారు. గోవా అనుభవం డిగ్రీ కన్నా తర్ఫీదూ పర్యవేక్షణా ముఖ్యమని చెప్తుంది, నిజమే. కాని ప్రైవేటు గదిలో ఆ పర్యవేక్షణ ఉందో లేదో రోగికి తెలిసే దారి లేదు కాబట్టి డిగ్రీ, నమోదు చూసుకోవడమే క్షేమం. ప్రభుత్వ పక్షాన ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో మానసిక వైద్యశాలలున్నాయి, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలుంటాయి. తెలుగువాళ్ళు కూడా ఉండే బళ్ళారి జిల్లాలో నిమ్హాన్స్ 1980లలో చేసిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. దాని ఉద్దేశమే ఈ వైద్యాన్ని జిల్లాలకు తీసుకురావడం. ఆచరణలో చాలాచోట్ల మాత్రలు అందినంతగా వారం వారం కౌన్సెలింగ్ అందదు, రద్దీ అలాంటిది. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవకు 14416 నంబరుతో రోజంతా ఎప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఎనిమిది వారాల చికిత్సకు అది బదులు కాదు, కాని ఎటు వెళ్ళాలో తెలియని రాత్రి ఆ నంబరు పనికొస్తుంది. ఇక డబ్బు. మానసిక జబ్బులను శారీరక జబ్బులతో సమానంగా బీమా కంపెనీలు చూడాలని పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. కాని చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే చెల్లిస్తాయి గనక వారం వారం ఫీజు జేబులోంచే పోతుంది. అందుకే ఎన్ని వారాలో ముందే తెలియడం అవసరం.

కౌన్సెలింగ్ ఎక్కడ ఆగాలన్నది కూడా పద్ధతిలో భాగమే. చివరి ఒకటి రెండు సార్లు ఏది పనికొచ్చిందో నెమరేసుకోవడానికి, మళ్ళీ వస్తే ముందుగా కనిపించే గుర్తులేమిటో రాసుకోవడానికి కేటాయిస్తారు. డిప్రెషన్ ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళలో దాదాపు సగంమందికి మళ్ళీ వచ్చే అవకాశం ఉంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడమో, ఫోన్లు తప్పించుకోవడమో ఎవరి గుర్తు వాళ్ళకుంటుంది. అది కనిపించిన వారమే మళ్ళీ పనుల చిట్టా తీయాలి, లేదా ఫోన్ చేసి ఒక్కసారి వెళ్ళి రావాలి.

మీరు గానీ మీవాళ్ళు గానీ వెళ్ళబోతుంటే మొదటి రోజే నాలుగు ప్రశ్నలు అడగండి: ఏ పద్ధతిలో చేస్తారు, సుమారు ఎన్ని వారాలు పడుతుంది, తగ్గుతోందో లేదో ఎలా చూస్తారు, తగ్గకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు. పద్ధతి తెలిసిన కౌన్సెలర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. ఇచ్చిన పని చేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు వెళ్ళండి. అప్పటికీ ఏమాత్రం కదలిక లేకపోతే ఆ మాట ఆ గదిలోనే చెప్పండి. సరైన జవాబు రాకపోతే కౌన్సెలర్‌ను మార్చండి, చికిత్సను మానకండి.